క్రియోలో ఫీచర్ నంబర్, ఫీచర్ ఐడీ, ఫీచర్ పేరు: రివ్యూ షీట్‌లో ఏది రాయాలి?

ఫ్లాంజ్_కట్ (ప్రశ్న)

క్రియో పారామెట్రిక్‌లో (3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్) ఒక మౌంటింగ్ బ్రాకెట్ మోడల్. ఫీచర్లు, అంటే కటౌట్, హోల్, రౌండ్ (గుండ్రం చేసిన అంచు) లాంటి ఒక్కో మెట్టు, నలభై దాకా ఉన్నాయి. రివ్యూ షీట్‌లో "ఫీచర్ 18: కటౌట్ లోతు 6 మి.మీ. చేయాలి", "ఫీచర్ 27: రౌండ్ తీసేయాలి" అని వచ్చింది. మోడల్ తెరిస్తే 18 దగ్గర చాంఫర్ (ఏటవాలుగా కోసిన అంచు) ఉంది, కటౌట్ 20కి జరిగింది. ఈ మధ్యలో జరిగిన మార్పల్లా బోల్ట్ హోళ్ల ప్యాటర్న్ (ఒకే హోల్ నకళ్ల వరుస) 6 నుంచి 8 కావడమే.

కటౌట్ మీద మౌస్ పెడితే ఎఫ్20 అని చూపిస్తోంది. ఇన్ఫో విండోలో అదే ఫీచర్‌కి 412 అని ఉంది. మోడల్ ట్రీలో (ఫీచర్ల జాబితాలో) పేరేమో ఎక్స్‌ట్రూడ్ 4. ఒక్క ఫీచర్‌కి ఇన్ని అంకెలెందుకు, వీటిలో మారనిది ఏది? రిలేషన్లలో (కొలతలను కలిపే సూత్రాల్లో) డీ37, డీ41 అని వాడాం, అవి కూడా ఇలాగే జరిగిపోతాయా?

డేటమ్_బి

మీ షీట్‌లో రాసింది ఫీచర్ నంబర్. అంటే రీజనరేషన్ (మోడల్‌ని ఫీచర్ తర్వాత ఫీచర్‌గా మళ్లీ కట్టడం) క్యూలో ఆ ఫీచర్ నిలబడ్డ స్థానం, అంతే. ముందు ఎవరు చేరినా, ఎవరు తప్పుకున్నా అది మారుతుంది. 412 అనేది ఫీచర్ ఐడీ. ఫీచర్ పుట్టినప్పుడు పడుతుంది, ట్రీలో పైకి లాగినా కిందికి లాగినా మారదు.

ప్యాటర్న్‌లో ప్రతి సభ్యుడికీ సొంత నంబర్ ఉంటుంది. 6ని 8 చేయగానే దాని కింద ఉన్న ప్రతి ఫీచర్ నంబరూ 2 పెరిగింది. కటౌట్ 18 నుంచి 20కి వెళ్లింది అందుకే. ఆ లెక్కన షీట్‌లోని 27 ఇప్పుడు 29. ఇక్కడ జాగ్రత్త: ఇప్పుడు 27లో ఉన్నది ఒకప్పటి 25. అదీ రౌండే అయితే అనుమానం రాకుండానే వేరే రౌండ్ తీసేస్తారు.

నంబర్లను జరిపేవి ఇంకా ఉన్నాయి. స్కెచ్‌ని విడిగా గీసి తర్వాత ఎక్స్‌ట్రూడ్‌కి (గీసిన ఆకారానికి మందం ఇచ్చే టూల్‌కి) ఇస్తే ఆ స్కెచ్ ఒక నంబర్ తీసుకుంటుంది. ఎక్స్‌ట్రూడ్ లోపలే గీస్తే తీసుకోదు. టూల్‌ని పాజ్ చేసి మధ్యలో పెట్టిన డేటమ్ ప్లేన్ (ఆధారంగా వాడే ఊహా తలం) కూడా ఫీచరే. మామూలు పార్ట్ టెంప్లేట్‌లో మూడు ప్లేన్లు, ఒక కోఆర్డినేట్ సిస్టమ్ ముందే ఉంటాయి కాబట్టి మీరు చేసే మొదటి ఎక్స్‌ట్రూడ్‌కి నంబర్ 5 వస్తుంది. కంపెనీ టెంప్లేట్‌లో అదనపు డేటమ్‌లు ఉంటే లెక్క అక్కడి నుంచే వేరు.

ఐడీలు 1, 2, 3 అని వరుసగా రావేమని కంగారు పడకండి. సర్ఫేస్‌లూ ఎడ్జ్‌లూ కూడా అదే లెక్కలోంచి ఐడీలు తీసుకుంటాయి. నలభై ఫీచర్ల మోడల్‌లో 412 రావడం మామూలే.

రెండూ పక్కపక్కన కనబడాలంటే మోడల్ ట్రీ సెట్టింగ్స్‌లో ట్రీ కాలమ్స్ తెరిచి ఫీట్ నంబర్, ఫీట్ ఐడీ రెండింటినీ చేర్చండి. ఫీచర్‌కి మీరే ఒక పేరు పెట్టి, రివ్యూ షీట్‌లో ఆ పేరు, ఐడీ రాయమనండి: "కేబుల్_కటౌట్, ఐడీ 412". నంబర్ అసలు వద్దు.

రీజెన్_రెండుసార్లు

పై జవాబుకి ఒక చేర్పు, ఎందుకంటే చాలామంది ఇక్కడే తడబడతారు. మౌస్ కింద కనిపించే ఎఫ్20లో ఉన్నది నంబర్. ఫ్యామిలీ టేబుల్ (ఒకే మోడల్‌లోని రకాల పట్టిక) కాలమ్ తలకట్టులో కనిపించే ఎఫ్412లో ఉన్నది ఐడీ. అక్షరం ఒకటే, అర్థం వేరు. టేబుల్ చూసి ఎఫ్412 అంటే 412వ ఫీచర్ అనుకుని వెతికితే దొరకదు.

సప్రెస్ చేసిన (డిలీట్ చేయకుండా తాత్కాలికంగా ఆపిన) ఫీచర్‌కి నంబర్ ఉండదు. దాని కింద ఉన్నవన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి, రెజ్యూమ్ చేస్తే మళ్లీ దిగుతాయి. ఐడీ మాత్రం అలాగే ఉంటుంది. ట్రీ ఫిల్టర్లలో సప్రెస్డ్ ఆబ్జెక్ట్స్ టిక్ తీసి ఉంటే అది ఉన్నట్టే తెలియదు. ఒకే ఫైల్ ఇద్దరి దగ్గర వేర్వేరు నంబర్లు చూపిస్తుంటే మొదట ఇది చూడండి.

ఐడీతో ఫీచర్‌ని పట్టుకోవాలంటే ఫైండ్ టూల్ తెరిచి, ఫీచర్ ఎంచుకుని, హిస్టరీ ట్యాబ్‌కి వెళ్లండి. నంబర్‌తోనూ వెతకొచ్చు, ఐడీతోనూ వెతకొచ్చు. టూల్స్‌లో ఫీచర్ లిస్ట్ నొక్కితే నంబర్, ఐడీ, పేరు, రకం, స్థితి అన్నీ ఒకే పట్టికలో వస్తాయి. రివ్యూకి పంపే రోజు ఆ పట్టికను కూడా జత చేస్తే తర్వాత పాత 18 ఏదో తేల్చుకోవచ్చు.

ఇక రిలేషన్లు. డీ37 అనేది డైమెన్షన్ గుర్తు, దానికి ఫీచర్ వరుసతో సంబంధం లేదు. రీఆర్డర్ చేసినా డీ37 డీ37గానే ఉంటుంది. ప్రమాదం వేరే చోట: స్కెచ్‌లో ఆ డైమెన్షన్‌ని తీసేసి మళ్లీ పెడితే కొత్త గుర్తు వస్తుంది, రిలేషన్ మాత్రం పాతదాన్నే వెతుకుతుంది. ఫీచర్ కాపీ చేసినా కొత్త గుర్తులే. అందుకే ముఖ్యమైన కొలతలకు డైమెన్షన్ ప్రాపర్టీస్‌లో పేరు పెట్టండి: కటౌట్_లోతు, ఫ్లాంజ్_మందం లాంటివి. ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా.

వరుస నిజంగా దెబ్బ కొట్టేది అనాలిసిస్ ఫీచర్ల (దూరం లాంటివి కొలిచే ఫీచర్ల) విషయంలో. పార్ట్ రిలేషన్లు రీజనరేషన్ మొదట్లోనే లెక్క కడతారు. 30వ ఫీచర్ కొలిచిన దూరాన్ని పార్ట్ రిలేషన్‌లో వాడితే, అప్పటికి దాని దగ్గర ఉన్నది క్రితం రీజనరేషన్ విలువ. అందుకే రెండోసారి రీజనరేట్ చేస్తేగానీ సరైన జవాబు రాదు. ఆ రిలేషన్‌ని పార్ట్ స్థాయిలో కాకుండా, అనాలిసిస్ కింద ఉన్న ఫీచర్‌లోనే ఫీచర్ రిలేషన్‌గా రాస్తే ఒక్కసారికే సరిపోతుంది. అనాలిసిస్ పారామీటర్‌ని పిలిచేటప్పుడు ఎఫ్ఐడీ తర్వాత అండర్‌స్కోర్ పెట్టి ఫీచర్ పేరు గానీ ఐడీ గానీ ఇవ్వాలి, నంబర్ ఇవ్వకూడదు.

ఫ్లాంజ్_కట్

ధన్యవాదాలండీ, ప్యాటర్న్ సంగతి అర్థమైంది. 29వ రౌండ్ రిఫరెన్స్‌లు చెడిపోయి ఉన్నాయి, డిలీట్ చేసి మళ్లీ పెడితే ఐడీ నిలుస్తుందా? ఇదే పార్ట్ సరఫరాదారు దగ్గర సాలిడ్‌వర్క్స్‌లో (ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్) కూడా ఉంది, అక్కడ కూడా ఇదే పద్ధతా?

డేటమ్_బి

నిలవదు. అచ్చం అలాంటిదే పెట్టినా కొత్త ఐడీయే. పాత ఐడీని పట్టుకున్న డ్రాయింగ్ కొలతలు, అసెంబ్లీ కన్‌స్ట్రెయింట్లు, ఫ్యామిలీ టేబుల్ కాలమ్ అన్నీ ఊడతాయి. ఎడిట్ డెఫినిషన్‌లోకి వెళ్లి ఎడ్జ్‌లు మార్చండి, లేదా ఎడిట్ రిఫరెన్సెస్ వాడండి. అయినా షీట్‌లో దాన్ని తీసేయమనే కదా ఉంది! ముందు అది ఆ రౌండేనా అని అడిగి తెలుసుకోండి.

స్కెచ్41

సాలిడ్‌వర్క్స్‌లో తీరు వేరు. అక్కడ బాస్-ఎక్స్‌ట్రూడ్1, కట్-ఎక్స్‌ట్రూడ్3 లాంటి పేర్లలోని అంకె పుట్టిన లెక్క, స్థానం కాదు. ట్రీలో కట్-ఎక్స్‌ట్రూడ్3ని కట్-ఎక్స్‌ట్రూడ్1కి పైన పెట్టినా పేరు మారదు. స్కెచ్ 3 పక్కనే స్కెచ్ 41 కనిపిస్తే మధ్యలోవి డిలీట్ అయ్యాయనో, 41ని తర్వాత గీసి పైకి తెచ్చారనో అర్థం. ప్యాటర్న్‌లో ఎన్ని హోళ్లున్నా ట్రీలో అది ఒకే ఫీచర్, కాబట్టి మీకొచ్చిన ఇబ్బంది అక్కడ ఆ రూపంలో రాదు.

చిక్కల్లా మాక్రోలతోనే (చేసిన పనిని రికార్డ్ చేసి మళ్లీ నడిపే స్క్రిప్టులు). రికార్డ్ చేసిన మాక్రో ఫీచర్‌ని పేరుతో ఎంచుకుంటుంది. పేరు మారిస్తే ఈక్వేషన్లు తమంతట తాము సర్దుకుంటాయి, మాక్రోలోని అక్షరాలు సర్దుకోవు. జర్మన్ లాంటి ఇతర భాషల ఇన్‌స్టాలేషన్‌లో డిఫాల్ట్ పేర్లు కూడా ఆ భాషలోనే పడతాయి. సిస్టమ్ ఆప్షన్స్‌లో, ఫీచర్ పేర్లూ ఫైల్ పేర్లూ ఇంగ్లిష్‌లో ఉండాలనే టిక్ ఒకటుంది, సరఫరాదారుని అది పెట్టమనండి. క్రియో ఐడీ 412 వాళ్లకు పనికిరాదు. స్టెప్ ఫైల్‌గా (సాఫ్ట్‌వేర్ల మధ్య ఆకారాన్ని పంపే ఫార్మాట్) పంపితే ఫీచర్ చరిత్రే వెళ్లదు. ఇద్దరికీ పనికొచ్చేది మీరు పెట్టిన పేరొక్కటే, రెండు మోడళ్లలోనూ అదే పెట్టించండి.

ప్యాడ్001

ఫ్రీక్యాడ్ (ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ల కోసం ఒక మాట. అక్కడ ప్యాడ్, ప్యాడ్001, ప్యాడ్002 అనేవి లోపలి పేర్లు, మారవు. మీరు మార్చేది లేబుల్ మాత్రమే. అసలు తలనొప్పి ఫీచర్ నంబర్‌ది కాదు, ఫేస్6, ఎడ్జ్12 లాంటి ముఖాల, అంచుల నంబర్లది. పైన ఒక పాకెట్ కోస్తే ఫేస్6 ఇంకో ముఖమైపోయి, దాని మీద పెట్టిన స్కెచ్ ఎగిరి వేరే చోట వాలేది. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0 వెర్షన్‌లో ఇది చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. స్కెచ్‌లను ముఖాల మీద కాకుండా ఆరిజిన్ ప్లేన్‌ల మీదో డేటమ్ ప్లేన్‌ల మీదో పెట్టి, ఆఫ్‌సెట్ ఇస్తే ఈ గొడవ ఉండదు.