గట్టు వేసినా పైమట్టి కొట్టుకుపోతోంది, ఎత్తు పెంచాలా?

మెట్టచేను:
ఎర్రమట్టి, నాలుగెకరాలు. 20 మీటర్లకు 60 సెంటీమీటర్ల పల్లం. వాలుకు అడ్డంగా నడుమ ఒకటే గట్టు. పెద్దవాన పడితే దానికి గండి పడుతోంది, కింద బెత్తెడు లోతు కోతలు. దున్నితే పూడుతున్నాయి, మళ్లీ వానకు లేస్తున్నాయి. గట్టు ఎత్తు పెంచితే ఆగుతుందా?

గట్టుమట్టం:
ఆగదు. ఎత్తు పెంచితే వెనక ఇంకా ఎక్కువ నీరు నిలిచి గండి పెద్దదవుతుంది. మీది 3 శాతం వాలు. వాలు శాతాన్ని 3తో భాగించి, 2 కలిపి, 0.3తో హెచ్చిస్తే గట్టుకీ గట్టుకీ ఉండాల్సిన ఎత్తు తేడా మీటర్లలో వస్తుంది. మీకు 0.9 మీటర్లు, అంటే 30 మీటర్లకొక గట్టు.

గట్టు గీత చేను హద్దును బట్టి కాదు, మట్టాన్ని బట్టి పోవాలి. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, రెండు కొసలూ కొలతలు గీసిన కర్రలకు కట్టి, రెండు కర్రల మీదా నీరు ఒకే గీత దగ్గర నిలిచినచోట పది మీటర్లకొక మేకు కొట్టుకుంటూ వెళ్లండి. గొట్టంలో గాలిబుడగ ఉంటే కొలత తప్పుతుంది. ఒక్కచోట నాలుగు వేళ్లు పల్లం పడినా నీరంతా అక్కడికే చేరి తెంపేస్తుంది. గట్టు తలకు అడుగు కిందగా ఒక కొసన అలుగు వదిలి, నీళ్లు పడేచోట రాళ్లు పరవండి. కొత్త మట్టి కుంగుతుంది కాబట్టి, మొదటి రెండు మూడు వానల తర్వాత మట్టం మళ్లీ చూడాలి.

ఎండుటాకు:
లెక్క సరే, కానీ మట్టి లేచేది గట్టు దగ్గర కాదు, చినుకు పడినచోట. పెద్ద చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో నేలను కొడుతుంది. గడ్డలు చితికి, సన్నమట్టి రంధ్రాలను మూసి, పైన పొర కడుతుంది. ఇక నీరు ఇంకదు, పారుతుంది. పంట కోశాక చొప్ప కాల్చకుండా, నేల మూడోవంతైనా కప్పేలా వదలండి. సాళ్లు వాలుకు అడ్డంగా వేయండి.

కోతలు దున్ని పూడ్చడమంటే పక్కనున్న పైమట్టిని తెచ్చి తర్వాతి వానకు సిద్ధం చేయడమే. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు పోతే సుమారు 5 టన్నులు. కంటికి ఆనదు.

రేగడి:
నల్లరేగడికీ ఇదే పద్ధతా?

గట్టుమట్టం:
కాదు. రేగడి ఎండితే గట్టు నెర్రెలిస్తుంది, తొలివాన ఆ నెర్రెల్లో దూరి తెగ్గొడుతుంది. పైగా నీరు త్వరగా ఇంకక పంట ఉరకెత్తుతుంది (తడి ఎక్కువై పాడవుతుంది). అక్కడ నీటిని కట్టేయకుండా నడిపించాలి: వంద మీటర్లకు 20 నుంచి 40 సెంటీమీటర్ల వాలుతో కాలువ, చివర గడ్డి పెంచిన దారి. గడ్డి నిలదొక్కుకున్నాకే కాలువను అందులోకి తిప్పండి, లేకపోతే ఆ దారే వాగవుతుంది.