ప్రభువంశంలో పుట్టిన ఆర్మీ ఆఫీసర్ సోషలిస్టు ఎలా అయ్యాడు? గేయోర్గ్ ఫోన్ ఫోల్మార్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

నుంగంబాక్కం_నవీన్:
అందరికీ నమస్తే. చెన్నైలో ఉంటాను, ఇక్కడ మాక్స్ ముల్లర్ భవన్‌లో జర్మన్ నేర్చుకుంటున్నా. క్లాసులో పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ ఒకరి గురించి మాట్లాడాలి, చాలామంది బిస్మార్క్‌ని పట్టుకున్నారు, నేను ఫోల్మార్‌ని తీసుకున్నా. 1850లో మ్యూనిక్‌లో పెద్దింట్లో పుట్టాడు, ఆగ్స్‌బర్గ్‌లో క్రైస్తవ సన్యాసుల స్కూల్లో చదివాడు, కుర్రతనంలోనే దక్షిణ జర్మనీలోని బవేరియా రాజ్యం సైన్యంలో చేరి 1866లో ప్రష్యా మీద యుద్ధానికి వెళ్ళాడు, ఆ తర్వాత రోమ్ వెళ్ళి పోప్ సైన్యంలో కూడా చేరాడు. అలాంటాయన 1877కల్లా డ్రెస్డెన్‌లో సోషలిస్టు పేపర్‌కి ఎడిటర్! మళ్ళీ 1891 వచ్చేసరికి సొంత పార్టీవాళ్ళే ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆయనకి నిలకడ లేదా, లేక నాకు అర్థం కానిది ఏమైనా ఉందా?

కోరమంగళ_వనజ:
నవీన్ గారూ, మొత్తం మలుపు 1870-71 ఫ్రాన్స్ యుద్ధంలో ఉంది. బ్లోవా దగ్గర ఘోరంగా గాయపడ్డాడు, ఇక జీవితాంతం వికలాంగుడే, ఊతకర్రల మీదే నడక. నిండా ఇరవై రెండేళ్ళు లేవు, గుర్రం మీద తిరిగిన మనిషి మంచానికి అతుక్కుపోయి నెలల తరబడి పుస్తకాలు చదువుతూ ఉండిపోయాడు, ఆ చదువులోంచే సోషల్ డెమోక్రసీ (జర్మనీ సోషలిస్టు పార్టీ) వైపు వచ్చాడు. పెన్షన్ తీసుకుని హాయిగా ఉండొచ్చు కదా, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆయన మాత్రం ఆ ఒంటితోనే మీటింగులకి తిరిగాడు, జైలుకి వెళ్ళాడు. 1878లో జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ సోషలిస్టుల మీద చట్టం తెచ్చి సంఘాలు, మీటింగులు, పేపర్లు అన్నీ నిషేధించాక ఈయన్ని డ్రెస్డెన్ నుంచే వెళ్ళగొట్టారు, అప్పుడు జ్యూరిక్ వెళ్ళి 1879లో పార్టీ పేపర్‌కి మొదటి ఎడిటర్ అయ్యాడు. అది స్విట్జర్లాండ్‌లో అచ్చయి దొంగచాటుగా సరిహద్దు దాటి జర్మనీలో చేతులు మారేది. మీ టాక్‌లో ఈ భాగం వదలొద్దు ప్లీజ్.

ఎర్రమందారం:
వనజ గారు చెప్పింది నిజమే కానీ రెండో సగం కూడా చెప్పాలి. జ్యూరిక్ రోజుల్లో ఈయన బాగా అతివాది, పార్లమెంటు మీద నమ్మకం తక్కువ. అదే మనిషి 1891 జూన్‌లో మ్యూనిక్‌లో ఎల్డొరాడో హాల్లో నిలబడి, ప్రభుత్వం మంచి మనసుతో వస్తే తెరిచిన చెయ్యి, చెడ్డ మనసుతో వస్తే పిడికిలి అన్నాడు. సోషలిస్టుల మీద పెట్టిన ఆ చట్టం పోయి ఏడాది కూడా కాలేదు! అంతమంది జైళ్ళపాలయ్యాక ఆ మాట వింటే కడుపు మండదా? 1894లో ఇంకో అడుగు ముందుకేసి బవేరియా అసెంబ్లీలో బడ్జెట్‌కి ఓటేశారు, అంటే పోలీసులకి, జైళ్ళకి అయ్యే డబ్బుకి కూడా ఒప్పుకున్నట్టే. పార్టీ నాయకుడు బెబెల్ కోప్పడ్డాడంటే ఊరికే కాదు, నేనైతే బెబెల్ వైపే.

కోరమంగళ_వనజ:
అన్నా, మీ కోపం అర్థమైంది కానీ బవేరియా అంటే బెర్లిన్ కాదు. పెద్ద ఫ్యాక్టరీలు తక్కువ, ఎక్కువమంది సొంతంగా కొంచెం పొలం ఉన్న క్యాథలిక్ రైతులు. నీ పొలం ఎలాగూ పోతుంది, పోయి కూలివాడివయ్యాక మా దగ్గరికి రా అని రైతుతో చెప్తే వాడు ఓటేస్తాడా? ఫోల్మార్ అడిగింది అదే, ఈ రైతుకి ఇవాళ మనం ఏం చేస్తాం అని. దానికి మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ అంతటివాడు 1894లో రైతు సమస్య మీద వ్యాసం రాసి విమర్శించాడు, మరుసటి ఏడు బ్రెస్లావ్ మహాసభలో రైతుల ప్రోగ్రామ్‌ని పార్టీ తిప్పికొట్టింది. అయినా ఈయన బవేరియాలో పని ఆపలేదు. 1893లో ఐదుగురితో అసెంబ్లీలోకి వెళ్ళారు, ఎన్నికల్లో క్యాథలిక్ పార్టీతో కూడా పొత్తు పెట్టుకున్నారు, చివరికి 1906లో అక్కడ జనం నేరుగా ఓటేసే పద్ధతి వచ్చింది, అంతకుముందు జనం మధ్యవర్తుల్ని ఎన్నుకుంటే వాళ్ళు మెంబర్లని ఎన్నుకునేవాళ్ళు. ఆ ఓటు పద్ధతి మారడం నాకు చిన్న విషయంగా కనిపించట్లేదు.

పెన్నా_ఒడ్డు:
నవీన్ తమ్ముడూ, మాది నెల్లూరు జిల్లా, ఇప్పుడు పెరంబూర్‌లో ఉంటున్నా. ఇది చదువుతుంటే మా సుందరయ్య గారే గుర్తొచ్చారు. ఆయనా భూములున్న ఇంట్లో పుట్టారు, మీ చెన్నైలోనే లయోలా కాలేజీ చదువు మధ్యలో వదిలి 1930లో ఉద్యమంలోకి వెళ్ళారు, పేరు చివర రెడ్డి తీసేశారు, ఆస్తి జనానికి పంచారు. అయితే ఫోల్మార్ తన పేరులో ప్రభువంశానికి గుర్తుగా ఉన్న ‘ఫోన్’ అనే మాట తీసెయ్యలేదు, ఆస్తీ పంచలేదు, స్వీడన్‌కి చెందిన జూలియా అనే ఆవిడని పెళ్ళాడి వాల్కెన్‌జే సరస్సు ఒడ్డున ఇల్లు కట్టుకుని బతికాడు, 1922లో అక్కడే పోయాడు. ఇద్దరినీ ఒక గాటన కట్టలేం కానీ పుట్టిన ఇంటికి ఎదురు నడవడం ఎంత కష్టమో మనవాళ్ళకి తెలుసు, క్లాసులో తెలుగువాళ్ళుంటే ఈ పోలిక చెప్పు, వెంటనే పట్టుకుంటారు.

నుంగంబాక్కం_నవీన్:
చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. గాయం దగ్గర మొదలుపెట్టి 1891 గొడవ మీద ఎక్కువసేపు ఉంటా, బెబెల్ వాదన కూడా సరిగ్గా చెప్తా. ఒక్కటి అడగాలి, 1886 కేసు అని చూశాను, అదేంటి?

ఎర్రమందారం:
ఫ్రైబెర్గ్ కేసు. నిషేధం టైమ్‌లో 1883లో కోపెన్‌హాగెన్‌లో రహస్యంగా మహాసభ పెట్టుకున్నారని బెబెల్, ఆవెర్, ఫోల్మార్ ఇంకొంతమంది మీద పెట్టారు. ఈ ముగ్గురికీ తొమ్మిది నెలల జైలు పడింది. బెబెల్‌కీ ఫోల్మార్‌కీ ఒకే శిక్ష, ఐదేళ్ళ తర్వాత కొట్టుకున్నదీ వీళ్ళిద్దరే, టాక్‌లో ఆ రెండూ పక్కపక్కనే పెట్టు.