ఆదివారం పోచంపల్లి: నేతన్నల ఇళ్లకు వెళ్లవచ్చా?

ఉప్పల్ వాసి:
పోయిన ఆదివారం ఇంటిల్లిపాదీ భూదాన్ పోచంపల్లి వెళ్లాం. ఒక ఇంట్లో పెద్దావిడ ఆసు పోస్తున్నారు, అంటే చీర నేయడానికి ముందు దారాన్ని సిద్ధం చేస్తున్నారు. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ దారం తిప్పుతూ, పెదవులు కదుపుతూ పోగులు లెక్కపెట్టుకుంటున్నారు. మా అబ్బాయి ఏదో అడిగాడు. ఆవిడ ఆగి, నవ్వి, జవాబు చెప్పి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారు. అరగంటలో ఇలా మూడుసార్లు. ఇంటికి వచ్చాక కూడా నా మనసు కుదుటపడలేదు. చీర కావాలంటే నగరంలో దుకాణాలున్నాయి. పని చేసుకునేవాళ్ల గుమ్మంలోకి వేడుక చూడటానికి వెళ్లకూడదని నా అభిప్రాయం.

పోచంపల్లి కోడలు:
మీ మంచి మనసుకు దణ్ణమండీ, కానీ ఆ మాట ఒప్పుకోను. మీరు రాకపోతే నష్టం మాకే. మా అత్తగారు ముప్పై ఏళ్లు ఆసు పోశారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఇప్పుడు తల దువ్వుకుందామన్నా ఆమె కుడిచెయ్యి పైకి లేవదు. తల్లి పడే ఈ బాధ చూడలేకే చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేసి, అమ్మ పేరే దానికి పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం కొనలేని ఇళ్లలో ఇంకా చేతులే. ఈ కష్టం కళ్లారా చూసినవారు ధర దగ్గర పేచీ పెట్టరు.

మాకు బాధ మీ రాక కాదు, అడగకుండా మగ్గం మీది డిజైను ఫోటో తీయడం. చిటికి కట్టి (రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టి), రంగులద్ది, పోగు పోగు కలిపి నేసిన పువ్వు నాలుగు రోజుల్లో ప్రింటు చీర మీద కనిపిస్తుంది. ఈ నేత మా ప్రాంతానిదేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్నా నకిలీలు ఆగలేదు.

నల్లకుంట మాస్టారు:
1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇదే ఊళ్లో దళితులను మీకేం కావాలని అడిగారు. 80 ఎకరాల భూమి అన్నారు వాళ్లు. ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఊరి పేరులో భూదాన్ అలా చేరింది. వచ్చినవాడు ముందు అడగడమనే మర్యాద ఈ ఊరికి కొత్త కాదు, మనమూ పాటించాలి. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేశాక జనం ఎలాగూ వస్తారు. గుంపులుగా వచ్చేవారు కనుముక్కుల చేనేత పార్కుకు వెళ్లాలి. ఇళ్లకు నలుగురికి మించి వెళ్లకూడదు.

ఉప్పల్ వాసి:
ఫోటో సంగతి నాకు తట్టలేదమ్మా. మేమూ తీశాం, ఇప్పుడే చెరిపేశాను. కానీ ఆ పెద్దావిడ లెక్క తప్పిన మాటకు జవాబు రాలేదు.

పోచంపల్లి కోడలు:
ఆసు దగ్గర కూర్చున్న మనిషిని మేమూ పలకరించమండీ. చిన్నపిల్లలు కూడా గడప దగ్గరే ఆగుతారు. దారం తెగినప్పుడో అయిపోయినప్పుడో ఆమే తలెత్తుతుంది. అప్పుడు అడగండి, అన్నీ చెబుతుంది.