బోటు ఇంజిన్‌లో నాలుగో లైనర్ కదలట్లేదు, దాన్ని బయటికి లాగే పుల్లర్ సొంతంగా చేసుకోవాలి. ఎలా?

హార్బర్ కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా బావకి ఇక్కడ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఉంది. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే ఇంజిన్‌ని చైన్ బ్లాక్‌తో పైకి తీసి దుంగల మీద పెట్టాం. ఆరు సిలిండర్ల పాత డీజిల్, వెట్ లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు, బయట చుట్టూ నీళ్లు తిరుగుతాయి). అయిదు వచ్చేశాయి, నాలుగోది మాత్రం చలించట్లేదు. కూలింగ్‌లో ఎప్పుడో ఉప్పునీరు కలిసినట్టుంది, కింద రబ్బరు రింగులు కూర్చునే చోట తుప్పు రాయిలా గట్టిపడిపోయింది. ఈలోగా అరువు తెచ్చుకున్న పుల్లర్ వాళ్లు పట్టుకుపోయారు, ఈ 61 రోజులూ హార్బర్‌లో అందరివీ విప్పిన ఇంజిన్లే కదా. ఒక మెకానిక్ వచ్చి కింద నుంచి కడ్డీ పెట్టి సమ్మెటతో కొడితే లైనర్ కింది అంచు గోరంత ముక్క ఊడింది, అది చూసి మా బావ ఆపేయమన్నాడు. సంప్ (అడుగున ఆయిల్ తొట్టి) విప్పాం, క్రాంక్ (పిస్టన్లతో తిరిగే ఇరుసు) విప్పలేదు. జూన్ 15కి బోటు నీళ్లలో ఉండాలి. పుల్లర్ ఎలా చేయించాలో కొలతలతో సహా ఎవరైనా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ ఫిట్టర్:
బాబూ, ముందు ఆ సమ్మెట దూరంగా పెట్టించు. లైనర్ పోతపోసిన ఇనుము, ఒక పక్క దెబ్బ పడితే వంకరగా బిగుసుకుంటుంది, గట్టిగా తగిలితే ఇంజిన్ బ్లాక్‌లో అది కూర్చునే సీటే చిట్లుతుంది. లైనర్ పోతే కొత్తది కొనుక్కోవచ్చు, బ్లాక్ పోతే సీజన్ పోయినట్టే.

పుల్లర్‌లో ప్రాణమంతా కింది ప్లేటులోనే ఉంది. నీ దగ్గర తీసిన లైనర్లున్నాయి కదా, ఒకదాన్ని కొలువు. ఉదాహరణకి లోపలి బోర్ 107 ఎంఎం, కింద బయటి కొలత 121 అనుకుందాం. 30 మందం ఇనుప ముక్క తీసుకుని లేత్ మీద రెండు మెట్లుగా తీయించు. పై మెట్టు 106, అది బోర్‌లోకి దూరి ప్లేటుని మధ్యలో నిలబెడుతుంది. కింది మెట్టు 119, అది లైనర్ అంచుని మాత్రమే పట్టుకుంటుంది. అది 121 దాటితే లైనర్‌తో పాటు బ్లాక్‌ని కూడా లాగుతావు, ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు.

119 ప్లేటు 107 బోర్‌లోంచి ఎలా దిగుతుందంటావా? రెండు పక్కలా సమానంగా కోసేసి వెడల్పు 90కి తెప్పించు. నాలుగో క్రాంక్‌పిన్‌ని (క్రాంక్‌లో ఆ సిలిండర్ పిస్టన్ తగులుకునే చోటు) బాగా కిందికి తిప్పి, ప్లేటుని నిలువుగా పట్టుకుని పైనుంచి దారంతో దించి, సంప్ వైపు నుంచి చెయ్యి పెట్టి అడ్డంగా తిప్పుకో. ఊడిన అంచు వైపు కోసిన పక్క వచ్చేలా చూసుకో, అప్పుడు బలమంతా బాగున్న అంచు మీదే పడుతుంది. ప్లేటు అడుగున నట్టు పెట్టి, తిరక్కుండా రెండు చుక్కలు వెల్డింగ్ వేయిస్తే చాలు, ప్లేటుని పైకి లాగే మరల రాడ్ పైనుంచే బిగుస్తుంది.

పైన బోర్‌కి అడ్డంగా పెట్టే వంతెనకి రెండు ఇనుప ఛానల్ ముక్కలు, మధ్యలో రాడ్ పట్టేంత సందు. కాళ్లు 100 ఎంఎం ఎత్తు ఉండాలి, బ్లాక్ మీదే ఆనాలి, లైనర్ కాలర్‌కి (పైన వెడల్పైన అంచుకి) గానీ పక్క బోర్ల అంచులకి గానీ తగలకూడదు.

గాజువాక లేత్:
గురువుగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆటోనగర్‌లో ఇలాంటివి మేం చాలా చేశాం, రెండు మాటలు కలుపుతాను. హార్డ్‌వేర్ షాపులో దొరికే మెత్తటి త్రెడ్ రాడ్ పెట్టకు, మరలు జారిపోతాయి. తల మీద 8.8 అని ముద్ర ఉన్న పొడుగు ఎం20 బోల్టు గానీ, పాత లారీ యూ బోల్టు నిటారుగా ఉన్న భాగం గానీ వాడు. యూ బోల్టు అయితే దాని మరలకి సరిపడే నట్టు దానితోనే తెచ్చుకో.

పై నట్టు కింద, బోల్టు అయితే దాని తల కింద, ఉత్తి వాషర్ వేస్తే సగం బలం రాపిడికే పోతుంది. స్క్రాప్ షాపులో పాత క్లచ్ రిలీజ్ బేరింగ్ దొరుకుతుంది, నున్నగా తిరుగుతుంటే చాలు, అది వేసి మరలకి గ్రీజు పట్టించు. ఒక మనిషి తిప్పగలిగేలా అయిపోతుంది.

లాగేటప్పుడు బిగించి ఆపు. పావుగంట ఆగు, లైనర్ పై అంచు మీద చెక్క ముక్క పెట్టి నాలుగు వైపులా చిన్నగా తట్టు, మళ్లీ పావు చుట్టు తిప్పు. ఏ హడావుడీ వద్దు. బోల్టు తెగితే బాణంలా ఎగురుతుంది, దాని పైకి వంగి చూడకండి.

హార్బర్ కుర్రాడు:
ప్లేటు నిన్న చేయించాం, సరిగ్గా కూర్చుంది. కానీ రాడ్ బిగుసుకుపోతోంది తప్ప లైనర్ కదల్లేదు. గ్యాస్‌తో కాల్చమంటున్నారు, కాల్చమంటారా?

రిటైర్డ్ ఫిట్టర్:
కాల్చకు. లోపల వేడి పెడితే లైనరే ముందు ఉబ్బి ఇంకా బిగుస్తుంది. అది ఎలాగూ పారేసేదే కాబట్టి, లోపల గోడ మీద పైనుంచి కిందికి నిలువుగా మూడు నాలుగు చోట్ల ఆర్క్ వెల్డింగ్ గీతలు వేయించు. చల్లారేటప్పుడు వెల్డింగ్ ముడుచుకుని లైనర్‌ని లోపలికి లాగుతుంది, వెంట్రుకవాసి సందు వస్తే అదే పదివేలు. ఎర్త్ క్లాంప్ ఆ లైనర్‌కే బిగించు, కరెంటు క్రాంక్ బేరింగుల్లోంచి పోకూడదు. క్రాంక్‌పిన్‌కి గ్రీజు రాసి, దాని మీద రేకు కప్పు, నిప్పురవ్వ పడితే మచ్చ పడుతుంది. చుట్టుపక్కల డీజిల్ గుడ్డలు లేకుండా ముందే తీసెయ్యి. పూర్తిగా చల్లారాకే లాగు.

హార్బర్ కుర్రాడు:
వచ్చేసింది!! సాయంత్రం నాలుగు గీతలు వేసి రాత్రంతా వదిలేశాం, పొద్దున్న సగం చుట్టు తిప్పగానే టక్‌మని చప్పుడు వచ్చింది, బోల్టు తెగిందనుకుని అందరం వెనక్కి దూకాం, చూస్తే కాలర్ కింద నల్లటి సందు కనిపించింది. మా బావ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మీ ఇద్దరికీ ఎంత చెప్పినా తక్కువే. ఇప్పుడు హెడ్ (సిలిండర్ల పై మూత) బిగించడానికి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ కూడా లేదు, చేతి అంచనాతో బిగించవచ్చా?

గాజువాక లేత్:
వద్దు తమ్ముడూ, అంచనాతో బిగిస్తే గాస్కెట్ పోతుంది. మీ హార్బర్‌లో చేపలు తూచే వేలాడే కాటా ఉంటుంది కదా, అదే నీ టార్క్ రెంచ్. సాకెట్ హ్యాండిల్‌కి పైపు తొడిగి, బోల్టు నడిమధ్య నుంచి సరిగ్గా ఒక మీటరు దగ్గర గీత పెట్టి, అక్కడ కాటా కొక్కెం తగిలించు. కాటాని పైపుకి లంబంగా, నేలకి సమాంతరంగా లాగాలి, ఏటవాలుగా లాగితే లెక్క తప్పుతుంది. 10 కిలోలు చూపిస్తే 10 కేజీ మీటర్లు, అంటే దాదాపు 98 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ పుస్తకంలో ఎంతుందో చూసుకుని, మధ్య బోల్టుల నుంచి బయటికి, మూడు విడతలుగా బిగించు. కాటా సరిగ్గా ఉందో లేదో ముందు 5 కిలోల తూకంరాయి వేలాడదీసి చూసుకో.

రిటైర్డ్ ఫిట్టర్:
కొత్త లైనర్ దించే ముందు బ్లాక్‌లో రింగులు ఆనే చోటు విరిగిన హాక్సా బ్లేడుతో గీకి శుభ్రం చెయ్యి. రింగులకి సబ్బు నీళ్లు రాసి దించితే మెలిపడవు. కాలర్ బ్లాక్ పైకి ఎంత లేచి ఉందో స్కేలు, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులతో) ఆరింటికీ కొలిచి ఇక్కడ రాయి, చూసి చెప్తాను. అప్పటిదాకా హెడ్ ఎక్కించకు.