కృష్ణార్జునుల గురించి మాట్లాడాలి: గీత కాకుండా ఏం చెప్పవచ్చు?

ప్రశ్న (సైనిక్‌పురి నుంచి):
మా అపార్ట్‌మెంటులో మార్గశిర శుద్ధ ఏకాదశికి గీతా జయంతి చేస్తున్నారు. పది నిమిషాలు మాట్లాడే పని నాకు అప్పగించారు. ఏటా ఎవరో ఒకరు అదే క్యాలెండరు బొమ్మ పెట్టి అవే మాటలు చెబుతారు. పిల్లలు ఫోన్లు తీస్తారు. యుద్ధం 18 రోజులు సాగింది, బోధ మొదటి రోజు పొద్దున్నే అయిపోయింది. ఆ తర్వాత ఒకే రథం మీద వాళ్లిద్దరూ ఎలా మసలుకున్నారు? తెలిసినవారు చెప్పండి.

జవాబు (ఉప్పల్, విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు):
అమ్మా, ద్రోణపర్వం తీయండి. ఉద్యోగమంతా బస్సు నడిపినవాణ్ని, భారతం చదివినా నా చూపు సారథి మీదకే పోతుంది. అది 14వ రోజు. కొడుకు అభిమన్యుడి చావుకు కారణమైన సైంధవుణ్ని పొద్దు గుంకేలోగా చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేశాడు. సైంధవుడేమో ఇంకా చాలా దూరంలో ఉన్నాడు. గుర్రాల ఒంటినిండా బాణాలు, అడుగు పడటం లేదు. అంత తొందరలోనూ రథం ఆపి గుర్రాలను విప్పారు! అర్జునుడు గాండీవంతో నేల మీదకు దిగి, చుట్టుముట్టిన సైన్యాన్ని ఒక్కడే నిలువరించాడు. ఇక్కడ బావి లేదు, వీటికి కావలసింది స్నానం కాదు, తాగే నీళ్లు అన్నాడు కృష్ణుడు. అర్జునుడు నేలను కొట్టి మడుగు పుట్టించాడు, బాణాలతో పందిరి కట్టాడు. కృష్ణుడు నవ్వుతూ ‘సాధు, సాధు’ అని మెచ్చుకుని, గుర్రాలకు గుచ్చుకున్న బాణాలు తన చేతులతో పీకి, ఒళ్లు నిమిరి, నీళ్లు పట్టి, మళ్లీ పూన్చాడు. ఆ కాసేపు దేవుడికి కాపలా కాసింది నరుడే. బోధ కంటే నాకు ఈ ఘట్టమే ఎక్కువ ఇష్టం, ఎవరేమనుకున్నా సరే.

జవాబు (కాచిగూడ):
జగద్గురువు గుర్రాలను తోమాడని చెబితే పిల్లలకు భక్తి ఎలా కలుగుతుందండీ? విశ్వరూపం గురించి చెప్పండి.

జవాబు (ఉప్పల్):
విశ్వరూపం చూసిన అర్జునుడు ఏం కోరుకున్నాడండీ? వణికిపోయి, పాత రూపమే చూపించమని వేడుకున్నాడు. ఆటల్లో, భోజనాల దగ్గర, పడకల మీద ‘ఓ కృష్ణా, ఓ యాదవా, ఓ సఖా’ అని చనువుగా పిలిచినందుకు మన్నించమన్నాడు. గుర్రాల సంగతి వ్యాసుడే రాశాడు, నేను కల్పించలేదు.

ఇంకొకటి. యుద్ధం ముగిసిన రోజు, గాండీవం, అమ్ములపొదులు తీసుకుని నువ్వే ముందు దిగమన్నాడు కృష్ణుడు. తర్వాత తాను దిగాడు. జెండా మీది కపి మాయమైంది, రథం భగ్గున మండిపోయింది. ద్రోణుడు, కర్ణుడు వేసిన అస్త్రాలకు అది ఎప్పుడో కాలిపోవలసింది, నేను కూర్చున్నాను కాబట్టి ఆగిందన్నాడు. మా ఉద్యోగంలోనూ బస్సు చెడిపోతే ముందు ప్రయాణికులను దించాలి, డ్రైవరు సీటు వదలకూడదు.

జవాబు (అమీర్‌పేట, తెలుగు ఉపాధ్యాయురాలు):
పిల్లలున్నారు కాబట్టి ఆశ్వమేధికపర్వం కూడా చూడండి. యుద్ధం తర్వాత ఇంద్రప్రస్థంలో ఇద్దరూ తీరిగ్గా ఉండగా, ఆనాడు నువ్వు చెప్పినదంతా మరిచిపోయాను, మళ్లీ చెప్పమంటాడు అర్జునుడు. కృష్ణుడికి చిరాకు వేస్తుంది. నీకు శ్రద్ధ లేదని మందలిస్తాడు, అప్పుడు యోగంలో ఉండి చెప్పాను, అదే మళ్లీ చెప్పడం నావల్ల కాదంటాడు. అలాగని పొమ్మనడు, అదే విషయంపై ఒక పాత కథ ఎత్తుకుంటాడు. దాన్నే అనుగీత అంటారు. మొత్తం చెప్పాలంటే గంటలు పడుతుంది. మీరు మందలింపు వరకు చదివి వినిపిస్తే చాలు.