ఫ్యాటీ లివర్‌కు రాసిన మాత్రలన్నీ వాడవలసిందేనా?

ప్రశ్న (అనంతపురం)
పెద్దలకు నమస్కారం. నా వయసు 46, బరువు 84 కిలోలు. కడుపు ఉబ్బరమని స్కానింగ్ చేయిస్తే గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. మద్యం ముట్టను, షుగరూ లేదు. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు ఎ.ఎస్.టి. 44, ఎ.ఎల్.టి. 64, ప్లేట్‌లెట్లు 2.2 లక్షలు. డాక్టరు గారు సారోగ్లిటజార్ 4 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి రాశారు. మందుల షాపులో దానికి తోడు ఉర్సో మాత్రలూ, ఒక లివర్ టానిక్కూ అంటగట్టారు. ఇవన్నీ జీవితాంతం వాడాలా?

జవాబు 1 (కడప)
నేను ఫార్మసీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. గ్రేడ్ అనేది స్కానింగ్‌లో కాలేయం పక్కనున్న మూత్రపిండం కంటే ఎంత తెల్లగా కనబడుతోందో చూసి వేసే అంచనా. మందు అవసరాన్ని తేల్చేది మాత్రం ఆ కొవ్వు కాదు, కాలేయం మచ్చకట్టి గట్టిపడటం, అంటే ఫైబ్రోసిస్. ఆ ముప్పును అంచనా వేసే ఫిబ్-4 లెక్కను మీ అంకెలతో ఇక్కడే వేయవచ్చు. వయసును ఎ.ఎస్.టి.తో గుణిస్తే 2024. వేలల్లో తీసుకున్న ప్లేట్‌లెట్ల సంఖ్య 220ని, ఎ.ఎల్.టి. వర్గమూలమైన 8తో గుణిస్తే 1760. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.15. ఇది 1.3 లోపు ఉంది కనుక ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ.

సారోగ్లిటజార్ మన దేశంలో తయారైన మందే. షుగరు రోగుల ట్రైగ్లిజరైడ్ల కోసం 2013లో అనుమతి పొంది, కాలేయం బాగా మచ్చకట్టిపోయే సిర్రోసిస్ దశకు చేరని నాష్‌కు, అంటే వాపుతో కూడిన ఫ్యాటీ లివర్‌కు, 2020లో మళ్లీ అనుమతి పొందింది. ఇదే జబ్బుకు అమెరికాలో 2024 మార్చిలో రెస్మెటిరోమ్ అనే మందుకూ, 2025 ఆగస్టులో సెమాగ్లూటైడ్ అనే మందుకూ ఇచ్చిన అనుమతి ఎఫ్2, ఎఫ్3, అంటే మధ్యస్థం నుంచి ముదిరిన దశ ఫైబ్రోసిస్ ఉన్నవారికే. ఉర్సో వల్ల ఈ జబ్బులో ప్రయోజనం తేలలేదు. టానిక్ సంగతి చెప్పనక్కరలేదు. అయితే డాక్టరు రాసిన మాత్రను మీ అంతట మీరు ఆపకండి. ఈ లెక్క చూపించి, కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ అవసరమా అని అడగండి.

జవాబు 2 (కర్నూలు)
సార్ చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో వాపు కూడా తగ్గుతుంది. మీకది 6 నుంచి 8 కిలోలు. నేను రాత్రి సోనా అన్నం మానేసి రాగి సంగటికి మారాను గానీ, ముద్ద మునుపటంతే పెద్దది, పక్కన చెనిక్కాయల ఊరిబిండీ అంతే. మూడు నెలలైనా ముల్లు కదల్లేదు. ముద్దను సగం చేసి, ఉదయం ఉగ్గానితో బజ్జీలు మానేశాకే కదిలింది.

ప్రశ్న వేసినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. 1.15 లెక్కను చీటీ వెనక రాసుకున్నాను. శుక్రవారం డాక్టరు గారిని అడుగుతాను. టానిక్ సీసా మూత ఇంకా తీయలేదు, షాపతను వాపసు తీసుకుంటాడేమో చూడాలి.