బ్రౌన్ మోల్డ్: 1వ లెవెల్ పార్టీ చావకుండా గుహలో ఎలా పెట్టాలి?

గవ్వలపాచిక:
డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో ఆడే కథల ఆట) ఫిఫ్త్ ఎడిషన్, 2014 రూల్స్. నలుగురు ప్లేయర్లు, అందరూ 1వ లెవెల్. గుహలో ఒక గది గోడకి బ్రౌన్ మోల్డ్, అంటే వేడిని పీల్చేసే బూజు, పట్టించాలనుకుంటున్నాను. 5 అడుగుల లోపుకి వచ్చినవాళ్లకి తగిలే 4డి10 (నాలుగు పది ముఖాల పాచికల మొత్తం) కోల్డ్ డ్యామేజ్, అంటే చలి దెబ్బ, చూస్తే భయమేస్తోంది. అది తగ్గిస్తే చాలా? ఈ బూజు మంత్రాలకి కూడా స్పందిస్తే బాగుంటుందని ఉంది.

నాలుగోగది:
మీ భయం నిజమే. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) 14 ఉన్న 1వ లెవెల్ విజర్డ్‌కి (మంత్రగాడికి) 8 హిట్ పాయింట్లు, అంటే తట్టుకోగల దెబ్బల లెక్క. 4డి10 సగటు 22. సున్నాకి చేరాక మిగిలిన డ్యామేజ్ గరిష్ఠ హిట్ పాయింట్లంత ఉంటే డెత్ సేవ్‌లు (చావు తప్పించుకోడానికి వేసే పాచికలు) కూడా ఉండవు. అంటే 16 తగిలితే అక్కడికక్కడే చావు. దెబ్బ తగ్గించుకోడానికి వేసే పాచికే సేవ్. దాని డీసీ (చేరాల్సిన అంకె) 12కి +2 బోనస్‌తో డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద కనీసం 10 పడాలి, నూటికి 45 సార్లు పడదు. సేవ్ నెగ్గినా సగం డ్యామేజ్ ఉంటుంది, సగటున 11. అదీ పడేస్తుంది.

డ్యామేజ్‌ని 2డి6 (రెండు ఆరు ముఖాల పాచికలు) చేయండి. గరిష్ఠం 12 కాబట్టి నిండు హిట్ పాయింట్లతో వచ్చినవాడు పడిపోతాడు గానీ చావడు. అదే విజర్డ్ దెబ్బలు తిని 4 పాయింట్లతో వస్తే 12 తగిలినా చావే. అందుకే ఫైట్ అయిన వెంటనే ఈ గది పెట్టకండి, మధ్యలో విశ్రాంతికి చోటుండాలి.

మ్యాప్‌గడి:
డ్యామేజ్ కంటే ముందు ఆనవాళ్లు చూసుకోండి. 30 అడుగుల దాకా గడ్డకట్టించే చలి ఉంటుందని రూల్‌లోనే ఉంది. దీనికి పర్సెప్షన్ రోల్ (గమనించారో లేదో తేల్చే పాచిక) అడగొద్దు, మీరే చెప్పేయండి. 30 అడుగుల దగ్గర నోటి వెంట ఆవిరి. 15 దగ్గర తోలుసంచిలో నీళ్లు గడ్డకట్టిన చప్పుడు. 10 దగ్గర గోడవారన చచ్చిన ఎలుక, మీసాల మీద మంచు, ఒంటి మీద గాయమే లేదు.

చాలామంది టార్చ్ దగ్గరే పొరబడతారు. మంట 5 అడుగుల లోపుకి వస్తే బూజు ఆ మంట నడిమధ్యగా 10 అడుగుల చదరంలో పరుచుకుంటుంది. టార్చ్ పట్టుకున్నవాడు దగ్గరికెళ్లగానే ఒక సేవ్ వేస్తాడు. అక్కడే ఆగిపోతే తర్వాతి టర్న్ మొదట్లో ఇంకోటి. పడిపోయినవాణ్ని లాగడానికి వెళ్లినవాడూ సేవ్ వేయాల్సిందే, కాబట్టి నడుముకి తాడు కట్టుకునే అవకాశం ముందే ఇవ్వండి.

గవ్వలపాచిక:
టార్చ్ ఒక మూలకి విసిరి బూజుని అటు మళ్లించవచ్చా?

మ్యాప్‌గడి:
కుదరదండి. అది వ్యాపిస్తుందే తప్ప ఉన్నచోటు వదలదు. దారి ఇంకా మూసుకుపోతుంది.

నాలుగోగది:
మంత్రాల సంగతికొస్తే, 30 అడుగుల లోపు ఎవరైనా 1వ లెవెల్ లేదా పైస్థాయి స్పెల్ వేస్తే, ఒక్కో స్పెల్ లెవెల్‌కి ఒక 5 అడుగుల గడి వాళ్ల వైపు పెరగనివ్వండి. క్యాంట్రిప్‌లకి (ఎన్నిసార్లైనా వేయగల చిన్న మంత్రాలకి) పెరగకూడదు, లేకపోతే విజర్డ్ ప్లేయర్ చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఫైర్ బోల్ట్ క్యాంట్రిప్ మాత్రం మంటే కాబట్టి పైన చెప్పిన టార్చ్ రూల్ వర్తిస్తుంది. మొత్తం 12 గడులు దాటనివ్వకండి.

కోల్డ్ డ్యామేజ్ తగిలితే బూజు వెంటనే నశిస్తుంది. రే ఆఫ్ ఫ్రాస్ట్ (చలి కిరణం వేసే క్యాంట్రిప్) ప్రాణి మీదే వేయాలని స్పెల్ మాట, అయినా ఇక్కడ ఒప్పుకోండి. అది ఎవరి దగ్గరా లేకపోతే బూజుకి 10 అడుగుల పైన రాతి అంచు ఒకటి గీయండి, తాడు వేసుకుని దాటుతారు.